అన్నం చెయ్యి వైపు

పాత విండోస్ కంప్యూటర్ మొరాయిస్తోందని మా ఆయన చిన్మయ్ కొత్తది కొన్నాడు. ఆటలూ, మేం సేవ్ చేసుకున్నవీ, మీటల అమరికతో సహా అన్నీ మధ్యాహ్నానికల్లా అందులోకి చేరాయి. తను హాల్లో తన ల్యాప్‌టాప్ ముందు, నేను పడగ్గదిలో ఈ కొత్తదాని ముందు హెడ్‌సెట్లు పెట్టుకుని మా వరద ఆటకు కూర్చున్నాం. దారి చెప్పడం తన పని, పడవ నడపడం నాది. అది మునిగితే పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిన ఆటంతా పోతుంది.

"కుడివైపు తిప్పు" అని వినిపించింది. తిప్పాను. పడవ బండకు కొట్టుకుంది. మళ్లీ "కుడివైపు" అన్నాడు. మళ్లీ బండే.

"కాస్త జాగ్రత్త, బంగారం!"

ఒళ్లు మండి హాల్లోకి వెళ్లాను. "కుడి కుడి అంటూ ముంచేస్తావేంటి?"

"నేనెప్పుడన్నాను? అన్నం చెయ్యి వైపు అన్నాను!"

అప్పుడు గుర్తొచ్చింది. ఇప్పుడొచ్చే కంప్యూటర్లు ఎవరి మాటనూ ఉన్నదున్నట్టు వినిపించవు. యాసా నసుగుడూ తీసేసి, ఇంటి మాటలనూ మోటు మాటలనూ మార్చేసి, సాపు చేసి చెవిలో వేస్తాయి. పాతదానికి ఆ తెలివి లేదు. లోకానికి అన్నం చెయ్యంటే కుడిచెయ్యి. మా అత్తగారు ఎన్ని మొట్టికాయలు వేసినా చిన్మయ్ మాత్రం ఎడమచేత్తోనే తింటాడు.

హెడ్‌సెట్లు తీసేసి, తలుపు బార్లా తెరిచి ఆడాం. "అన్నం చెయ్యి!" అని తను అరవగానే పడవను ఎడమకు తిప్పాను. గట్టెక్కింది.

అనుమానం వచ్చి కేకేశాను. "ఇందాక నన్ను బంగారం అన్నావా?"

"ఛ! ఎప్పట్లాగే దెయ్యం అన్నాను."

హమ్మయ్య, మా ఆయనే.