చల్లగాలి

ప్రతి ఇంటి గోడకూ ఒక వైద్యపెట్టె ఉన్న కాలమది. మనిషి ఊపిరి విని జబ్బేమిటో చెప్పేది, పిల్లలకైతే తల్లిదండ్రులు సరేనంటే మందు కూడా ఇచ్చేది. గదిలోని మంచం, తెరలు, గాలి కూడా దాని అదుపులోనే ఉండేవి. పురుషోత్తంగారి కూతురు హైమ మాత్రం దాని మీద పసుపు గుడ్డ కప్పేసింది. ఆమె, భర్త నమ్ముకున్న ఆశ్రమంలో మందు ముట్టడం పాపం.

ఆరేళ్ల మనవరాలు వకుళకు జ్వరం వచ్చి నాలుగో రోజు. హైమ పూజగదిలోకి వెళ్లగానే పురుషోత్తంగారు గుడ్డ పైకెత్తారు.

"ఛాతీలో నెమ్ము చేరిందండీ. ఇంకో రెండు రోజులు ఆగితే కష్టం" అంది పెట్టె మెల్లగా.

"మందివ్వు తల్లీ."

"తాతగారి మాట చెల్లదు. అమ్మో నాన్నో చెప్పాలి."

"పోనీ, మందు కానిదేమైనా చేయగలవా?"

పెట్టె కిటికీ తెర దించింది, మంచం తలవైపు కాస్త ఎత్తింది, గదిలోకి చల్లగాలి వదిలింది. పాపకు ఆయాసం తగ్గి కునుకు పట్టింది. ఆ మాత్రం దయకే ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

హైమ వచ్చి పాప నుదురు తాకింది.

"చూశావా నాన్నా, చల్లబడింది. భయమేసి, రేపు ఆ పెట్టెకు సరేనందామని ఆయనతో అనబోయాను. ఇంతలో గురువుగారే కాపాడారు."

"గాలి వదిలింది పెట్టేనమ్మా. జబ్బు అలాగే ఉంది."

"దాని చేత వదిలించింది గురువుగారే" అంటూ హైమ గుడ్డ మళ్లీ కప్పేసి, హారతికి వెళ్లిపోయింది. గుడ్డ పడగానే గాలి ఆగిపోయింది.

వకుళ కళ్లు తెరవకుండానే అడిగింది. "తాతయ్యా, ఇంకొంచెం గాలి."

పురుషోత్తంగారి చేయి గుడ్డ అంచు దగ్గర చాలాసేపు ఆగింది. పాప తేలికపడితే హైమ భయం మళ్లీ తీరిపోతుంది. చివరికి పైకెత్తారు.