పావుగంట గళ్లు

ఆ రాత్రి నుంచి ఒంటరి గది తాళం ఆమెదే. మానసిక వార్డులో మనుషుల మీద పడే రోగిని ఆ గదిలో పెట్టాలా వద్దా తేల్చేది ఇకమీదట ఆమె సంతకమే. కొత్త ఇన్‌చార్జి నర్సుకు కాళ్లు నేలమీద నిలవడం లేదు.

ఒంటిగంటకు, ఆయా గొంతు పట్టుకున్న ఒక రోగి అమ్మాయిని నర్సు లోపల పెట్టి తాళం వేసింది. తలుపు దబదబా మోగుతోంది. పావుగంటకోసారి తలుపు అద్దంలోంచి చూసి, కనిపించినదాన్ని కాగితం మీద ఆ పావుగంట గడిలో రాయాలి.

“ఎన్నిసార్లు తిరుగుతావు సిస్టరమ్మా? పాత సిస్టర్లు తెల్లారేదాకా ఒకేసారి రాసేసేవాళ్లు,” అంది ఆయా మెడ రుద్దుకుంటూ.

నిజమే కదా అనిపించింది. ఆరు గంటల దాకా ప్రతి గడిలో ‘నిద్రపోతోంది’ అని బరికేసింది. పెన్ను ఎత్తగానే తలుపు చప్పుడు టక్కున ఆగింది.

“చూశావా, నా చేతి మహిమ!”

“నీ నోట్లో చక్కెర పొయ్య! ముందే రాయాల్సింది,” అని ఆయా నవ్వింది.

రెండున్నరకు ఉండబట్టలేక వెళ్లి చూసింది. అమ్మాయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తాళంచెవితో అద్దం మీద కొట్టినా కదల్లేదు. ఊపిరి ఆడుతోందో లేదో తెలియడం లేదు. ఏమైనా అయితే సంతకం తనది. గబగబా కాగితం తీసి రెండున్నర గడిలోని ‘నిద్రపోతోంది’ అన్న అబద్ధానికి అడ్డగీత పెట్టింది.

లోపలి నుంచి తలుపు మీద ఒక్క దెబ్బ పడింది.

బతికే ఉంది! సంబరంగా అద్దానికి మొహం ఆనించింది. అమ్మాయి గోడవైపు అలాగే పడుకుని ఉంది. మంచానికీ తలుపుకీ మధ్య పది అడుగులు.

తలుపుకి లోపలివైపు ఆనుకుని ఎవరో మెల్లగా అన్నారు.

“ఆరు దాకా నిద్రపోతోందనే రాశారుగా సిస్టర్. మిగతా గళ్లకీ గీత పెట్టెయ్యండి.”