ఆగితే ఆగిపోయే కారు

ఎల్బీ నగర్ చౌరస్తాలో రోడ్డుకి అడ్డంగా తాడు కట్టి ఉంది. జంగయ్య బ్రేకు తొక్కాడు. కారు ఆగింది. దాంతోపాటే ఇంజనూ ఆగింది.

హయత్‌నగర్‌లో బయల్దేరాక ఇది నాలుగోసారి.

అదేం జబ్బో ఎవరికీ అంతుచిక్కడం లేదు. పరిగెత్తినంతసేపూ ఆ పాత మారుతి బుద్ధిగానే పరిగెత్తుతుంది. నిలబెడితే చాలు, గడగడ వణికి, ఒకసారి రంకె వేసి, ఒకసారి నీరసపడి, చివరికి ఆరిపోతుంది.

చంపాపేట్ మెకానిక్ కార్బొరేటర్ అన్నాడు, కడిగాడు. మూసారాంబాగ్ మెకానిక్ ప్లగ్గులన్నాడు, మార్చాడు. మూడో ఆయన పెట్రోలు కల్తీ అని తేల్చి చేతులు దులుపుకున్నాడు. ముగ్గురి మాటా విన్నాక జంగయ్య బుర్ర ఇంజను కంటే ఎక్కువ ఊగిసలాడుతోంది.

మామూలు రోజుల్లో అయితే ఎలాగో నెట్టుకొచ్చేవాడు. ఇవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సుల్లేవు, ఆటోల్లేవు, చౌరస్తాకో తాడు.

వెనక సీట్లో తల్లి అండాలమ్మ ఆయాసపడుతోంది. ఎప్పుడూ చేయించే పంజాగుట్ట దాకా పోలేరని, ఈసారికి డాక్టరు దిల్‌సుఖ్‌నగర్‌లోని ఓ చిన్న దవాఖానకు రాసిచ్చాడు. పదకొండింటికి డయాలసిస్. ఇవాళ తప్పితే ప్రాణం మీదికొస్తుందని కూడా చెప్పాడు.

"ఇంకెంత దూరం కొడుకా?"

"ఒచ్చినమమ్మా. జర ఓపిక పట్టు."

రోడ్డు మీదే వంటావార్పు. గాడిపొయ్యి మీద ఉప్మా దించి, వచ్చినవాళ్లకూ పోయేవాళ్లకూ ప్లేట్లలో పెడుతున్నారు.

తాడు పట్టుకున్న లింగస్వామి నంబరు ప్లేటు చూశాడు. ఏపీ మీద టీజీ అని స్టిక్కర్ అంటించి ఉంది. ఈ నెలలో జంగయ్య ఆ కారుకు చేయించిన పనుల్లో అక్కరకొచ్చింది అదొక్కటే. దిల్‌సుఖ్‌నగర్ దవాఖానకు పోవాలని లింగస్వామికి చెప్పాడు.

"పేషెంటున్నది గదా, పో అన్నా. నీదే ఆఖరి బండి. వెనకనే ర్యాలీ కదుల్తది. ఇగ సాయంత్రం దాంక రోడ్డు బంద్."

జంగయ్య తాళం తిప్పాడు. ఇంజను అంటుకుంది, వణికింది, ఆరింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ ఆరింది.

ఉప్మా తింటున్నవాళ్లలోంచి ఒకాయన ప్లేటు కింద పెట్టి లేచి వచ్చాడు. యాభై దాటిన మనిషి. భుజాన సంచి, కాళ్లకు దుమ్ము.

"ఒకసారి బానెట్ ఎత్తుతారాండీ? ఎక్కడో గాలి పీలుస్తున్నట్టుందండి."

ఆ యాస జంగయ్యకు ముల్లులా గుచ్చుకుంది.

"మెకానిక్‌వా?"

"కాదండీ. మిషన్లు, గొట్టాలు, వాటితోనే నా పని. ఆరిపోకుండా కాస్త రేసు ఇస్తూ ఉండండి."

బోర్లు బిగించే మనిషి కావచ్చనుకున్నాడు జంగయ్య. ఆయన ఇంజను మీదికి వంగి, చెవి పెట్టి విని, వేలెడు రబ్బరు గొట్టాన్ని బొటనవేలితో అదిమాడు.

"ఇప్పుడు కాలు తీయండి."

తీశాడు. ఇంజను ఆగలేదు, వణకనూ లేదు.

"గొట్టం చీలిందండి. గాలి దూరితే ఏ మిషనూ కుదురుగా తిరగదు."

సంచిలోంచి తెల్ల టేపు తీసి నాలుగు చుట్లు చుట్టాడు. అంతే.

ముగ్గురు మెకానిక్కులకు దొరకని జబ్బు మూడు నిమిషాల్లో పట్టేసిన మనిషిని ఏమనుకోవాలో జంగయ్యకు తెలియలేదు. ఆంధ్రాయన ఈ వంటావార్పులో ఏం చేస్తున్నాడు? మఫ్టీలో ఉన్న పోలీసా? పైగా వెనక సీట్లోకి వంగి అమ్మ వంక అంతసేపు చూస్తాడేమిటి?

"నేనూ దిల్‌సుఖ్‌నగరేనండి. ముందు సీటు ఖాళీయే గదా, మీతో వచ్చేస్తాను. అక్కడ నాకు..."

ముందు ఇంకా రెండు తాళ్లున్నాయి. టీజీ ప్లేటున్న కారులోంచి ఈ యాస వినిపిస్తే ఎవరేమంటారో, ఎంతసేపు ఆపుతారో. జంగయ్యకు నిజంగానే భయం వేసింది.

"జాగ లేదు. మా అమ్మకు గాలాడది."

"తీస్కపో అన్నా, ఏమైతది," అన్నాడు లింగస్వామి. "దినాం గీ తొవ్వల్నే నడుస్కుంట పోతడు. మేమే గుంజి ప్లేటు చేతుల పెట్టినం."

జంగయ్య విననట్టే గేరు వేశాడు.

కొత్తపేటలో తాడు దించారు. చైతన్యపురిలో పేషెంటుని చూసి, ఒక్క మాట అడక్కుండా దారిచ్చారు. రెండు చోట్లా కారు ఆగింది గానీ ఇంజను ఆగలేదు. ఆయన్ని ఎక్కించుకోకపోవడమే మంచిదైందని జంగయ్య తన తెలివిని తనే మెచ్చుకున్నాడు.

పదకొండుకు పది నిమిషాల ముందే దవాఖాన చేరారు. నర్సు అరుణజ్యోతి అండాలమ్మను మిషను పక్క మంచం మీద పడుకోబెట్టింది.

పదకొండున్నర అయింది. ఆయాసం పెరిగింది. మిషను దగ్గరికి ఎవరూ రాలేదు.

"సిస్టర్, ఇంక షురూ జెయ్యరా?"

"మిషన్ నడిపే విశ్వేశ్వరరావు సార్ రావాలె. మాకున్నది గా సార్ ఒక్కడే."

"యాడున్నడో చెప్పుండ్రి. నేను పోయి కార్ల ఎక్కించుకొస్త."

"ఇంక కారేడ పోతది? బయట సూడలేదా, రోడ్డంత ర్యాలీనే." ఆమె ఫోను చేసి స్పీకరు నొక్కింది.

జనం హోరులోంచి ఆయాసపడుతున్న గొంతు వినిపించింది.

"వస్తున్నానండీ సిస్టర్, ఇంకా కొత్తపేటలోనే ఉన్నాను, అడుగు పడట్లేదు. పదకొండింటి పెద్దావిణ్ణి పడుకోబెట్టకండి, కూర్చోబెట్టే ఉంచండి. ఎల్బీ నగర్‌లో ఒక కారాయన్ని అడిగానండి, ఆయన ఇబ్బందేమిటో గానీ కుదరలేదు."