గంట పోయింది సార్!

తన ఇంట్లో ఉన్న గంటను తనే దొంగిలించాలని చంద్రమౌళి నిశ్చయించుకున్నాడు.

అది పలాస స్నేహసేవా క్లబ్బు గంట. ఇత్తడిది, కొబ్బరిబోండమంత ఉంటుంది. ప్రెసిడెంటు దాన్ని చిన్న కొయ్యసుత్తితో కొడితేగాని మీటింగు మొదలవదు, మళ్ళీ కొడితేగాని ముగియదు. మిగతా రోజుల్లో దాన్ని సెక్రటరీ తన ఇంట్లో భద్రంగా దాచాలి. ఆ సెక్రటరీయే చంద్రమౌళి.

గంట కొట్టడం ప్రెసిడెంటు పని. మిగిలిందంతా సెక్రటరీ పని. సభ్యులకు ఫోన్లు చెయ్యాలి. రానివాళ్ళను ఇంటికెళ్ళి బతిమాలాలి. కంటి శిబిరానికి ముసలాళ్ళను, రక్తదానానికి కుర్రాళ్ళను పోగెయ్యాలి. బ్యానరు మీద ప్రెసిడెంటు ఫొటో తలకిందులు కాకుండా చూడాలి. ఈ సేవలో పడి చంద్రమౌళి జీడిపిక్కల బట్టీని గాలికొదిలేశాడు. సరుకు మళ్ళీ మాడింది.

"సూడు బావా," అంది భార్య గౌరి, మాడిన పప్పును చేటతో సహా అతని ముందు పెట్టి. "జులైలో కొత్త కమిటీ అంట కదా. అందులో కూడా నువ్వే సెక్రటరీ అన్నారనుకో, బట్టీకి తాళమేసి భావనపాడు మా అన్న కాడికి ఎల్లిపోతాను. నీకు ఆ గంటే అన్నం వండి పెడతాది."

గౌరి మాటంటే మాటే. కిందటేడు టీవీ బద్దలు కొడతానంది. ఇప్పుడు వాళ్ళింట్లో టీవీ లేదు.

చంద్రమౌళి రాజీనామా ఇచ్చి చూశాడు. ఎంత వినయమో అని మెచ్చుకుని, శాలువా కప్పి, మళ్ళీ అదే కుర్చీలో కూర్చోబెట్టారు.

ఇక దారి ఒక్కటే మిగిలింది. గంట పోగొట్టినవాడు బాధ్యత లేనివాడు, వాడికి మళ్ళీ జన్మలో సెక్రటరీ పదవి ఇవ్వకూడదని క్లబ్బులో ఒక కట్టుబాటు ఉంది. దాని దెబ్బకి ఇదివరకు ఇద్దరి పదవులు ఊడాయి. మొదట బట్టల కొట్టు పోలారావు, ఆ తర్వాత ఎరువుల కొట్టు హరిబాబు. ఇద్దరిళ్ళలోనూ దొంగలు పడి గంట ఎత్తుకుపోయారు. రెండుసార్లూ క్లబ్బు కొత్త గంట కొనుక్కుంది. పాపం, ఇద్దరూ నిండు సభలో వెక్కివెక్కి ఏడ్చారు. అప్పుడు వాళ్ళకి తువ్వాలు అందించింది చంద్రమౌళే. ఇప్పుడు పోలారావే ప్రెసిడెంటు. ఆ పదవికి బాధ్యత లేకపోయినా అడ్డు లేదు.

మరి గంటను దాచేదెక్కడ? బట్టీలో పెడితే గౌరి కనిపెట్టేస్తుంది. క్లబ్బువాళ్ళెవరూ తొంగిచూడని చోటు కావాలి. అలాంటి చోటు భూమ్మీద ఒక్కటే ఉంది. వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డు పల్లెలో క్లబ్బు కట్టించిన మంచినీళ్ళ ప్లాంటు! రిబ్బను కత్తిరించిన నెలకే దాని మోటారు కాలిపోయింది. ఆ తర్వాత క్లబ్బు అటు వైపు పోలేదు.

ఊరంతా కునుకు తీసే మధ్యాహ్నం వేళ స్కూటరు మీద వెళ్ళాడు. ప్లాంటు పైకెక్కి, నల్ల ట్యాంకు మూత తీసి, గంటను లోపలికి జారవిడిచాడు. ఖంగుమని మోగింది. ప్లాస్టిక్కు ట్యాంకు ఇంతలా మోగుతుందా అనుకున్నాడుగాని, వంగి చూసేంత గుండె లేక దిగి వచ్చేశాడు.

ఆ ఆదివారం గవర్నరు వచ్చాడు. రాష్ట్రానికి కాదు, ఈ చుట్టుపక్కల క్లబ్బులకు గవర్నరు. హాలు నిండింది. బల్ల మీద సుత్తి ఉంది, గంట లేదు.

"గంట పోయింది సార్!" చంద్రమౌళి గొంతు వణికించాడు. "దొంగలు ఎత్తుకుపోయినారు. నాను బాధ్యత లేనోడిని. నన్ను తీసెయ్యండి."

"నా గంట పోయింది, హరిబాబు గంట పోయింది, ఇప్పుడు నువ్వు కూడానేటి మౌళీ!" అన్నాడు పోలారావు. ఆ గొంతులో కోపం కన్నా దిగులే ఎక్కువగా ఉంది.

గవర్నరు చెయ్యెత్తాడు. "గంట సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ మంచినీళ్ళ ప్లాంటు చూపించండి."

"ఎండ మండిపోతంది సార్," అన్నాడు పోలారావు.

"దోవ బాగోదు సార్. జీడిపప్పు ఉప్మా సల్లారిపోతాది," అన్నాడు హరిబాబు.

గవర్నరు వినలేదు. కార్లు కదిలాయి.

ప్లాంటు దగ్గర ఆయన కుళాయి తిప్పితే గాలి వచ్చింది. ఎదురింటి పెద్దతల్లి బిందె పట్టుకుని పరుగున వచ్చింది.

"నీళ్ళొచ్చినాయా బాబూ? మొన్న ఈ బాబు పైకెక్కి ట్యాంకులో ఏటో ఏసినాడు. బాగు సేత్తన్నాడని ఎంత సంబరపడ్డానో!" అంటూ చంద్రమౌళిని చూపించింది.

డ్రైవరు ట్యాంకులోకి దిగాడు. తళతళలాడే గంట ఒకటి పైకందించాడు. తర్వాత కిలుము పట్టిన గంట ఒకటి. ఆ తర్వాత ఇంకా కిలుము పట్టిన గంట ఇంకొకటి.

"మూడూ నువ్వేనా!" గవర్నరు ఉరిమాడు. "ఈ క్షణం నుంచి నువ్వు సెక్రటరీవి కాదు. జన్మలో కాలేవు!"

ఒకటే నాది అనబోయిన చంద్రమౌళి, గౌరి గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. దొంగ అంటే అన్నారు, ఇంట్లో అన్నం దొరుకుతుంది.

గవర్నరు పోలారావు, హరిబాబుల భుజాల మీద చేతులు వేశాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. "ఈ దొంగ మూలంగా మీరెంత నింద మోశారు! మీ తప్పేమీ లేదని ఈవేళ తేలిపోయింది. జులై నుంచి మీలో ఒకరు సెక్రటరీ, మరుసటేడు రెండోవారు. ఇక ఎప్పటికీ మార్చి మార్చి మీరే!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మరుక్షణం ఆ ఇసుకలోనే గవర్నరు కాళ్ళ మీద పడ్డారు.

"ఆ కిలుము పట్టిన గంటలు రెండూ మావే సార్! మా ఇళ్ళల్లోంచి మేమే ఎత్తుకొచ్చి పడేసినాం!"