ఊరి కుట్టు

అల్ ఖోబర్‌లో టైలరు మస్తాన్ వలీ ముందు పాలస్తీనా ముసలామె ఉమ్ యూసుఫ్ తన తల్లి గౌను పరిచింది. వాళ్ల ఊరిని 1948 యుద్ధంలోనే ఖాళీ చేయించి, నేలమట్టం చేశారు. ఇప్పుడు పరదేశీయుల మీద సౌదీ వేసే లెవీ పన్ను మోయలేక ఆమె దేశం విడిచిపోయే ఎగ్జిట్ వీసా వేయించుకుంది. విమానం ఎక్కేలోగా గౌనుకు పడ్డ చిరుగు కుట్టించుకోవాలి.

"ఎర్ర దారమే వాడు నాయనా. మా దగ్గర ఊరూరికీ ఒక కుట్టు. ఛాతీ మీద ఇది చూస్తే ఎవరైనా మా ఊరి పేరు చెప్పేస్తారు."

మస్తాన్ పకపకా నవ్వాడు. "ఊరే లేదంటివి, దాని గౌనుకు ఇంత రుబాబా ఖాలా? యాడుందో మ్యాపులో సూపించు, సూద్దాం!"

"ముందు నీది చూపించు."

కడప జిల్లాలో తన ఊరి కోసం ఫోనులో మ్యాపంతా గాలించాడు. వేలు పెట్టిన చోటల్లా రిజర్వాయరు నీళ్లే.

"మాది మునకలో పోయిందిలే ఖాలా. అది వేరే సంగతి."

"మరి నిన్ను చూసి ఫలానా ఊరివాడని ఎట్లా గుర్తుపడతారు?"

మస్తాన్ తన చొక్కా వైపు చూసుకున్నాడు. పరదేశీ పనివాళ్లను ఏరివేసే నితాకాత్ తనిఖీలో ఎవరి మనిషో తెలియాలని, ఛాతీ మీద ఎర్ర దారంతో తనకు వీసా ఇచ్చిన యజమాని, కఫీలు పేరు తనే కుట్టుకున్నాడు.