చెమట మాత్రం ఆయనదే

ఫైనల్ మ్యాచ్ సగం కూడా కాలేదు, ఆయన చొక్కా తడిసి ముద్దయింది. పరిగెత్తేది ఆడపిల్లలు. చెమట మాత్రం ఆయనది.

“సార్, మీరు కూర్చోండి. మీరు అరుస్తుంటే మాకు కాళ్లు తడబడుతున్నాయి,” అంది బెంచీ మీదున్న పిల్ల.

కూర్చున్నాడు. మరుక్షణం మళ్లీ లేచాడు.

కూర్చోనిచ్చే జట్టా ఇది? ఒకప్పుడు ఈ కాలేజీకి ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు ఉందని ఆ కాలేజీకే తెలియదు. కోర్టులో ప్రిన్సిపాల్ గారి కారు నిలిపేవారు. దాన్ని అక్కణ్ణుంచి కదిలించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. తీరా ఆడిన మొదటి మ్యాచ్‌లో అవతలి జట్టువాళ్లే జాలిపడి మనవాళ్లకి మంచినీళ్లు అందించారు.

ఆ రోజు ఇంటికొచ్చి ఆయన కంచం ముట్టలేదు.

“ఓడింది పిల్లలు. మధ్యలో మీకెందుకు పస్తు?” అంది భార్య.

మర్నాడు పౌరుషంగా నిచ్చెనెక్కి, చిరిగిపోయిన వల విప్పి కొత్త వల కట్టాడు. దిగడం మాత్రం నిచ్చెనతో సహా దిగాడు. జట్టులో మొదటి గాయం ఆయనదే.

తర్వాత పొడుగుపిల్లల కోసం వేట. కాలేజీ బస్టాపులో ఒకమ్మాయి అందరికన్నా ఒక తలకాయంత పొడుగ్గా కనిపించింది. పరుగున వెళ్లి, “నీ ఎత్తెంతమ్మా?” అని అడిగాడు. ఆ అమ్మాయి చెప్పు తీసింది.

విషయం విని భార్య నెత్తి కొట్టుకుంది. “అడిగే పద్ధతి అదా? పదండి, నేనూ వస్తాను.”

ఇద్దరూ కలిసి ఆ అమ్మాయి ఇల్లు కనుక్కుని వెళ్లారు. ఆడవాళ్లు లోపల మాట్లాడుకుంటుంటే, ముందుగదిలో పిల్ల తండ్రి ఆయన్ని నిలదీశాడు.

“చదువుకునే పిల్లకి ఈ గెంతులెందుకండీ? ఇంతకీ మీరెప్పుడైనా ఆడారా?”

“ఆడానండీ. బంతి నా వైపొస్తే పక్కకి తప్పుకునేవాణ్ణి.”

తండ్రికి నవ్వొచ్చింది. నవ్వినవాడు కాస్త మెత్తబడ్డాడు. “సరే, ఈసారి కప్పు తెండి. తెస్తే చదువయ్యేదాకా ఆడనిస్తాను. తేకపోతే మళ్లీ మా గడప తొక్కకండి.”

ఆ కప్పు కోసమే ఈ ఫైనల్. ఆ తండ్రి ఎదురు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చెప్పు తీసిన పిల్లే ఇప్పుడు జట్టుకి ప్రాణం.

చివరి ఘడియల్లో రెండు జట్లూ సమానం. అప్పుడు రిఫరీ మన పొడుగుపిల్ల మీద ఫౌల్ ఇచ్చాడు. ఆయనకి తిక్క రేగింది.

“కళ్లు నెత్తికెక్కాయా? ఏం చూసి ఊదావయ్యా?”

“ఇంకొక్క మాట మాట్లాడితే బయటికి పంపిస్తాను,” అన్నాడు రిఫరీ.

ఆయన రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. ఆ అవతారం చూసి కోర్టులో ఉన్న పిల్లలు ఫక్కుమన్నారు. అంతదాకా బిగుసుకుపోయిన భుజాలు ఒక్కసారిగా వదులయ్యాయి. ఆ ఫౌల్‌కి అవతలివాళ్లు విసిరిన బంతి రింగు అంచుకి తగిలి ఎగిరింది. పొడుగుపిల్ల దాన్ని అందుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి దూసుకుపోయింది.

ఇన్నేళ్ల కలని కళ్లారా చూసుకోవాల్సిన ఆ క్షణంలో, హాలు మొత్తం మీద కళ్లు గట్టిగా మూసుకున్న ఘనుడు ఆయనొక్కడే.

హోరు వినబడ్డాకే తెరిచాడు. గెలిచారు! పొడుగుపిల్ల తండ్రి పరుగెత్తుకొచ్చి ఆయన్ని వాటేసుకున్నాడు.

“మాటంటే మాటే సార్. పిల్ల ఇక మీ జట్టుదే. మీ కష్టం ఊరికే పోలేదు.”

“నేనేం చేశానండీ,” అన్నాడు ఆయన. అనడమైతే అన్నాడు గానీ, ఛాతీ మాత్రం చొక్కా గుండీలు తెంపేలా పొంగింది.

పేపరువాళ్లు వచ్చారు. పిల్లలు చుట్టూ చేరారు, వాళ్లతో పాటు ఆయన భార్యా వచ్చి నిలబడింది. ఆయన మొహం తుడుచుకుని, జుట్టు సర్దుకుని, కప్పు గుండెలకి హత్తుకుని, సరిగ్గా మధ్యలో నిలబడ్డాడు.

ఫోటోగ్రాఫర్ కెమెరా దించి, “సార్, మీరు కాస్త పక్కకి తప్పుకుని ఆ కప్పు మీ ఆవిడకివ్వండి, మాకు కోచ్ ఫోటో కావాలి,” అన్నాడు.