అన్నగారి తిథి

"యుద్ధంలో ఆ దళం తరఫున ఆ పేరుగలవాళ్లెవరూ పోలేదట మామయ్యగారూ! ఎవరో ఇంగ్లండాయన రాశాడు" అంది ప్రణీత, కంప్యూటర్ మీంచి తల తిప్పకుండా.

అనంతరామయ్య నోట్లో కాఫీ నోట్లోనే ఉండిపోయింది. ఎలాగో మింగి, "పోకపోవడమేమిటమ్మా! అరవై ఏళ్లుగా పిండం పెడుతుంటేనూ?" అన్నాడు.

ఆయన అన్నగారు పద్మనాభం బర్మా యుద్ధానికి లారీ డ్రైవరుగా వెళ్లి తిరిగి రాలేదు. ఏనాడు పోయాడో తెలియక, దిక్కూ తిథీ లేనివాళ్లందరితో కలిపి మహాలయ అమావాస్యనాడే ఆయనకీ కానిస్తున్నారు. తను కన్నుమూసేలోగా అన్నగారికంటూ ఒక తిథి ఉండాలని అనంతరామయ్య బెంగ. ఫ్రీమాంట్‌లో కొడుకింట్లో దిగిన మర్నాడే కోడలి వెంటపడి, అన్నగారి పేరూ ఊరూ దళం నంబరూ, ఖాకీ బట్టల ఫొటో ఆమె పేరు మీదే యుద్ధం సైట్‌లో పెట్టించాడు.

"ఇంకెవరేం రాశారు?"

"టెక్సాస్ నుంచి ఒకాయన, పద్మనాభంగారి సేవకి థాంక్స్ అన్నాడు."

"థాంక్స్ సరే, తిథి చెప్పమను."

"వాళ్లకి తిథులేం తెలుస్తాయండీ! అరె, ఇది చూడండి. ఎవరో పెట్టారు, యుద్ధం అయిపోయాక రంగూన్‌లో తీసిన ఫొటోట. ఈయనేనా?"

అనంతరామయ్య కళ్లజోడు సవరించుకుని వంగాడు. ఎడమ కనుబొమ మీద గాటు. చిన్నప్పుడు బిళ్లంగోడు ఆడుతూ తను కొట్టిన దెబ్బే. అన్నగారు నవ్వుతున్నాడు.

"ఇంతకీ పోయాడా, పోలేదా? పోకపోతే నేను పెట్టిందంతా ఎవరు తిన్నట్టు?"

"కాకులు" అనేసి నాలిక కరుచుకుంది ప్రణీత. అంతలోనే, "ఆగండాగండి, ఇంకోటి వచ్చింది. తెలుగాయనే! జగన్మోహన్‌ట. ఇక్కడే, మన పక్క ఊరు డబ్లిన్‌లో! కార్‌లో అరగంట!"

"చదువు, చదువు!"

"'నమస్తే అండీ. ఆ ఫొటోలో ఉన్నది మా నాన్నగారు.'"

అనంతరామయ్య కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"'యుద్ధం అయ్యాక రంగూన్‌లోనే ఉండిపోయారు. అక్కడే పెళ్లి చేసుకున్నారు. పోయి పదేళ్లయింది. తిథి మాఘ శుద్ధ ద్వాదశి.'"

"ద్వాదశి!" ముసలాయన రెండు చేతులూ జోడించాడు. కళ్లు నిండాయి. మరుక్షణం మొహం ముడుచుకుపోయింది. "పదేళ్లేనా? అన్నాళ్లు బతికుండి ఇంటికి రాలేదేం? కార్డుముక్కయినా రాయలేదేం?"

ప్రణీత మిగతాది మనసులో చదువుకుంది. ఒకసారి మామగారి వంక, ఒకసారి స్క్రీన్ వంక చూసింది.

"పైకి చదువమ్మా!"

"'ఊళ్లో కలరా వచ్చి ఇంటిల్లిపాదీ పోయారని ఎవరో చెబితే, నాన్నగారు ఇక వెనక్కి వెళ్లలేదు. తను ఉన్నన్నాళ్లూ తమ్ముడికి ఆయనే పిండం పెట్టారు, ఇప్పుడు నేను పెడుతున్నాను. మా బాబాయి అనంతరామయ్యగారు ఏ తిథినాడు పోయారో, మీకేమైనా తెలిస్తే చెప్పగలరా?'"